పిలిస్తే పడిపోయే మనిషి: 74 ఏళ్ల మహిళలో ఆలోచనకూ బ్యాలెన్స్‌కూ మధ్య పోటీ, ఒక కేస్ స్టడీ

రిటైరైన భాషా ఉపాధ్యాయురాలు, వయసు 74. ఎనిమిది నెలల్లో మూడుసార్లు పడ్డారు. మొదటిసారి వంటగది గుమ్మంలో, చేతిలో నిండు గిన్నె ఉండగా, వెనకనుంచి కూతురు ఏదో అడిగినప్పుడు. రెండోసారి ఫోన్లో మాట్లాడుతూ హాల్లో వెనక్కి తిరిగేటప్పుడు. మూడోసారి వీధిలో, పక్కన నడుస్తున్నావిడ మాట సరిగా వినపడక అటు తల తిప్పినప్పుడు. ఆ పడటంలో కుడి మణికట్టు ఎముక విరిగింది. మా థెరపీ క్లినిక్‌కు వచ్చేసరికి ఎముక అతుక్కుని పది వారాలైంది.

ఇంట్లోవాళ్లు దీనికి పెట్టిన పేరు పరధ్యానం. ఆమె చెప్పింది వేరు: “కాళ్లు బాగానే ఉన్నాయండీ. ఎవరన్నా పిలిస్తేనే తేడా కొడుతోంది.” హిస్టరీ తీసుకునేటప్పుడు “ఎలా పడ్డారు?” అని అడిగి ఊరుకుంటే “కాలు జారింది” అన్న జవాబే వస్తుంది. “పడే క్షణంలో చేతిలో ఏముంది? ఎవరితో మాట్లాడుతున్నారు? ఎటు చూస్తున్నారు?” అని మూడు ప్రశ్నలు విడివిడిగా అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. ఈమె విషయంలో మూడు సంఘటనల్లోనూ జవాబుల తీరు ఒకటే.

(ఇది ఒక్కరి కేస్ షీటు కాదు. ఒకే తరహా కేసుల నుంచి కూర్చిన చిత్రం. ఇందులోని కొలతలు లెక్క ఎలా కట్టాలో, ఎలా చదవాలో చూపడానికి ఇచ్చినవి.)

మామూలు పరీక్షల్లో ఏం కనిపించింది

పెద్దగా ఏమీ కనిపించలేదు. చిక్కు కూడా అదే. బెర్గ్ బ్యాలెన్స్ స్కేల్‌లో 56కి 52. కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 13.1 సెకన్లు. నాలుగు మీటర్ల దూరంలో నడక వేగం సెకనుకు 0.98 మీటర్లు. టైమ్డ్ అప్ అండ్ గో, అంటే కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చునే పరీక్ష, 11.2 సెకన్లు, నాలుగు అడుగుల్లో మలుపు తిరిగారు. పడుకున్నప్పుడు బీపీ 138/82, నిలబడ్డ మూడో నిమిషానికి 128/78. సిస్టాలిక్ (పై అంకె) 20 గానీ డయాస్టాలిక్ (కింది అంకె) 10 గానీ పడిపోతే ఆలోచించాలి. ఇక్కడ అంత తగ్గలేదు. ఈ అంకెలు మాత్రమే చూసినవారు “బలం బాగానే ఉంది, జాగ్రత్తగా నడవండి” అని పంపేయడంలో ఆశ్చర్యం లేదు.

రెండు చోట్ల మాత్రం సందు దొరికింది. నిలబడి చేసే ఇంద్రియ పరీక్షలో నాలుగు స్థితులు ఉంటాయి: గట్టి నేల మీద కళ్లు తెరిచి, కళ్లు మూసి, ఫోమ్ మీద కళ్లు తెరిచి, కళ్లు మూసి. ఒక్కోటి 30 సెకన్లు. మొదటి మూడూ ఆమె పూర్తి చేశారు. నాలుగోది 11 సెకన్లకే తప్పింది. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ పెట్టి చూస్తే రెండు బొటనవేళ్ల దగ్గరా కంపనం తెలియలేదు, చీలమండ దగ్గర తెలిసింది. పద్నాలుగేళ్లుగా డయాబెటిస్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. పాదాల నుంచి వచ్చే కబురు తగ్గింది, లోపలి చెవి సమాచారాన్ని వాడుకోవడమూ మందగించింది. నిలబెడుతున్నది దాదాపుగా కళ్లే.

రెండో సందు మోకా, అంటే జ్ఞాపకం, ధ్యాస, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే చిన్న పరీక్ష. 30కి 25. పోయిన ఐదు మార్కులు ఎక్కడివో చూడాలి. మొత్తం అంకె ఒక్కటే చూస్తే ఉపయోగం లేదు. ఆలస్యంగా గుర్తు తెచ్చుకోవడంలో రెండు, అంకెలూ అక్షరాలూ మార్చి మార్చి కలిపే గీతలో ఒకటి, ఏడేసి తగ్గించే లెక్కలో ఒకటి, మాటలు చెప్పే వేగంలో ఒకటి. ఐదింటిలో మూడు, పని మార్చుకునే, ధ్యాస నిలిపే సామర్థ్యానికి చెందినవి. 26 కన్నా తక్కువ అని వెంటనే ముద్ర వేయలేదు. వినికిడి లోపంతో చేసిన పరీక్షలో కొన్ని మార్కులు చెవి కూడా తినేస్తుంది, ఆ సంగతి తర్వాత తేలింది.

రెండు పనులూ కలిపినప్పుడు

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నడుస్తూ వంద నుంచి మూడేసి తగ్గించమంటారు, స్టాప్‌వాచ్‌లో సమయం రాసుకుంటారు, అంతే. జవాబులు ఎవరూ లెక్కపెట్టరు. ఆ పద్ధతిలో ఈమెకు పట్టిన సమయం 12.6 సెకన్లు. వాడుకలో ఉన్న 15 సెకన్ల గీతకు ఇవతలే. అంటే పాస్.

కానీ ఆ 12.6 సెకన్లలో ఆమె నోట వచ్చినవి మూడు జవాబులు, సరైనవి రెండు. కూర్చోబెట్టి 20 సెకన్లు అదే లెక్క చెప్పిస్తే 11 సరైనవి వచ్చాయి. సెకనుకు 0.55 నుంచి 0.16కి పడిపోయింది, అంటే 71 శాతం నష్టం. మలుపు మొదలైనప్పటి నుంచి మళ్లీ తిన్నగా నడక అందుకునేదాకా ఒక్క మాట లేదు. కాళ్లను కాపాడుకోవడానికి లెక్కను వదిలేశారు. మంచి తెలివే అది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు సాధారణంగా చేసేదీ అదే.

అలాంటప్పుడు ఇంట్లో ఎందుకు పడుతున్నారు? ఇంట్లో ఆ రెండో పనిని వదిలేసే వీలు లేదు కాబట్టి. కూతురు అడిగితే జవాబు చెప్పాలి, నిండు గిన్నె ఒలకకూడదు. క్లినిక్‌లో లెక్క తప్పితే పోయేదేమీ లేదు. అందుకే అదే పరీక్షను సూచన మార్చి మళ్లీ చేయించాం: “అమ్మా, ఈసారి లెక్క ఆగకూడదు. నడక ఎలా ఉన్నా పర్లేదు, నేను పక్కనే ఉంటాను.” ఈసారి 16.1 సెకన్లు పట్టింది. మామూలు నడకతో పోలిస్తే 44 శాతం ఎక్కువ. మలుపులో నాలుగు అడుగులు ఏడయ్యాయి, ఒకసారి చెయ్యి గోడకు వెళ్లింది. సరైన జవాబులు ఎనిమిది. ధ్యాసను ఆమె ఎటైనా మళ్లించగలరు. రెండు చోట్లకూ సరిపడా మాత్రం లేదు.

పరీక్ష చేసేటప్పుడు కొన్ని చిన్న విషయాలు ఫలితాన్ని తారుమారు చేస్తాయి. కుర్చీ ఎత్తు సుమారు 46 సెం.మీ., చేతులు ఆనించుకునేది కావాలి. ప్రతిసారీ అదే కుర్చీ, అవే చెప్పులు. మొదలుపెట్టే అంకె ప్రతి ప్రయత్నానికీ మార్చాలి, లేకపోతే 97, 94, 91 అని కంఠతా వచ్చేస్తుంది. ముందు కూర్చుని లెక్క, తర్వాత ఉత్త నడక, తర్వాత రెండూ కలిపి, చివర మళ్లీ ఒకసారి ఉత్త నడక. ఆ చివరిది అలసటను పట్టిస్తుంది. లెక్క కష్టం మనిషిని బట్టి ఉండాలి. అకౌంటెంటుగా పనిచేసినవారికి మూడేసి తగ్గించడం ఊపిరి తీసినంత సులువు, ఏడేసి ఇవ్వాలి. చదువుకోనివారికి లెక్క ఇస్తే మనం కొలిచేది బ్యాలెన్స్‌ను కాదు, బడిని. వారికి జంతువుల పేర్లు చెప్పించడం, వారాలను వెనక నుంచి చెప్పించడం నయం. రికార్డర్ పెట్టుకుంటే జవాబులు తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు. ఒకే మనిషి స్టాప్‌వాచ్ నొక్కుతూ, రోగిని పట్టుకుంటూ, జవాబులు రాసుకుంటూ ఉంటే డ్యూయల్ టాస్క్ పరీక్ష, అంటే రెండు పనులు ఒకేసారి చేయించే పరీక్ష, ఎవరికి జరుగుతోందో తెలియదు.

నడుస్తూ మాట్లాడలేక ఆగిపోవడం పడిపోయే ప్రమాదానికి గుర్తని 1997లో లాన్సెట్ పత్రికలో వచ్చిన స్వీడన్ అధ్యయనం చూపింది. వసతి గృహాల్లో ఉంటున్న 58 మంది వృద్ధులను నడుస్తుండగా మాట్లాడించారు. ఆగిపోయినవారు 12 మంది. తర్వాతి ఆరు నెలల్లో వారిలో పదిమంది పడ్డారు. ఖర్చు లేని పరీక్ష. గది తలుపు దగ్గర నుంచి కుర్చీ దాకా తీసుకొస్తూనే చేసేయవచ్చు. ఈమె అయితే ఆగలేదు. ఆగకపోవడమే ఆమెకు చేటు తెచ్చింది.

చెవి సంగతి

నడక పరీక్షలో ఎడమ పక్క నుంచి మామూలు గొంతుతో ఒక ప్రశ్న వేస్తే తల పూర్తిగా అటు తిప్పారు, అడుగు కుడికి కొట్టుకుపోయింది. అదే ప్రశ్న ఎదురుగా నిలబడి వేస్తే ఏమీ కాలేదు. ఆడియోగ్రామ్ చేయిస్తే మెరుగైన చెవిలోనే సగటు 42 డెసిబెల్స్ వచ్చింది. సరిగా వినపడని మాటను పోల్చుకోవడానికీ మెదడు ధ్యాసనే ఖర్చు పెడుతుంది. జవాబు ఆలోచించే లోపే సగం అయిపోతుంది.

ఇప్పుడు మూడు సంఘటనలకూ ఒకే వివరణ కుదురుతుంది. మనిషి తూలితే మొదటి కండరాల స్పందన సుమారు పదో వంతు సెకనులో దానంతట అదే వచ్చేస్తుంది. తర్వాత జరిగే సవరణకు, అడుగు ఎక్కడ వేయాలన్న నిర్ణయానికి, మెదడు పైభాగపు పని కావాలి. పాదాల నుంచి, లోపలి చెవి నుంచి కబురు నిండుగా ఉంటే ఆ పని కొద్దిలో తెమిలిపోతుంది. కబురు పలచబడ్డప్పుడు నడక ఒక ఆలోచన అయి కూర్చుంటుంది. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ భాగం నడకకే కేటాయించాల్సి వస్తుంది. ఆ సమయంలో ఎవరైనా పిలిస్తే ఆమెకు ఒకేసారి మూడు దెబ్బలు: వినడానికి ధ్యాస పోతుంది, జవాబుకు ధ్యాస పోతుంది, తల తిరగడంతో ఉన్న ఒక్క ఆధారమైన చూపు దారి మీద నుంచి తప్పుతుంది.

దీనికి విరుద్ధంగా కనిపించే సంగతి కూడా తెలిసి ఉండాలి. కదలకుండా నిలబడ్డప్పుడు తేలికపాటి మానసిక పని ఇస్తే కొందరు పెద్దవాళ్లలో ఊగడం తగ్గుతుంది, పెరగదు. తమ కాళ్లను తామే కాపలా కాయడం మానేస్తారు కాబట్టి శరీరం తన పని తాను చేసుకుంటుంది. పని కష్టమయ్యేకొద్దీ ఊగడం మళ్లీ పెరుగుతుంది. “జాగ్రత్త, కాళ్లు చూసుకో” అని అస్తమానం చెప్పే ఇంట్లో మనిషి బిగుసుకుపోవడానికి కారణం ఈ కాపలాయే.

శిక్షణకు ముందు

వ్యాయామం మొదలుపెట్టే ముందు ధ్యాసను ఊరికే తినేస్తున్నవాటిని తగ్గించాలి. డాక్టరుకు రాసిన ఉత్తరంలో నాలుగు అంశాలు పెట్టాం. రక్తంలో బి12, మిల్లీలీటరుకు 168 పికోగ్రాములు వచ్చింది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో తగ్గడం తెలిసిందే, చికిత్స మొదలైంది. రాత్రిళ్లు దురదకూ నిద్రకూ కలిపి వేసుకుంటున్న క్లోర్‌ఫెనిరమిన్ మాత్ర డాక్టరు ఆపించారు. పాత తరం యాంటీహిస్టమిన్లు పెద్దవాళ్ల బుర్రను మర్నాటి దాకా మందగింపజేస్తాయి. హియరింగ్ ఎయిడ్ అమరింది. ప్రోగ్రెసివ్ కళ్లద్దాల కింది భాగంలోంచి నేల మసకగా కనిపిస్తుంది కాబట్టి, బయట నడకకు దూరపు చూపు అద్దాలు వేరుగా తీసుకున్నారు. కొత్త అద్దాలకూ ఎయిడ్‌కూ అలవాటు పడటానికి రెండు వారాలు ఇచ్చాక శిక్షణ మొదలైంది. అవన్నీ ఒకే వారంలో కలిపితే మొదటి వారమే పడే ప్రమాదం ఉంది.

ఎనిమిది వారాలు

వారానికి రెండు రోజులు క్లినిక్‌లో 45 నిమిషాలు, ఇంట్లో నాలుగు రోజులు 15 నిమిషాలు. క్లినిక్‌లో నడుముకు గేట్ బెల్ట్, అంటే తూలితే పట్టుకోవడానికి కట్టే బెల్టు, తప్పనిసరి. థెరపిస్టు రోగికి కొంచెం వెనకగా, పక్కగా ఉండాలి, ఎదురుగా కాదు. మధుమేహం ఉంది కాబట్టి మొదలుపెట్టే ముందు షుగర్ చూడాలి. 70 కన్నా తక్కువ ఉంటే ఆ రోజుకు వ్యాయామం కాదు, ముందు దాన్ని సరిచేయాలి.

మొదటి రెండు వారాలు మాటల్లేవు. కుర్చీలోంచి లేవడం పదేసి చొప్పున మూడు విడతలు, మడమ-వేలు నడక, ఫోమ్ మీద నిలబడి మొదట కళ్లు తెరిచి, తర్వాత అయిదేసి సెకన్లు మూసి. సూచన ఎప్పుడూ శరీరం బయటి వస్తువు మీదే: “మోకాలు వంచండి” బదులు “ఆ గీతను పాదంతో నొక్కండి”, “తల నిటారుగా” బదులు “ఎదురుగా ఉన్న చుక్కను వదలొద్దు”. శరీర భాగాన్ని తలుచుకోమంటే ధ్యాస అక్కడే ఇరుక్కుంటుంది.

మూడో వారం నుంచి రెండో పని కలిసింది. అసలు కీలకం ఇక్కడ ఉంది. రెండు పనులూ కలిపి సాధన చేయించినంత మాత్రాన సరిపోదు, ఏది ముందో మార్చుతూ చేయించాలి. ఒక విడతలో “నడక ముందు, లెక్క తప్పినా ఫర్వాలేదు”, తర్వాతి విడతలో “లెక్క ముందు, నడక నెమ్మదైనా ఫర్వాలేదు”. ఒక్కో విడత రెండు నిమిషాలు, మధ్యలో నిమిషం విశ్రాంతి, మొత్తం ఆరు విడతలు. 2009లో వచ్చిన ఒక చిన్న యాదృచ్ఛిక ప్రయోగంలో (ఎవరు ఏ గుంపులో ఉండాలో చీటీ వేసినట్టు నిర్ణయించే పద్ధతి), నాలుగు వారాలు వారానికి మూడుసార్లు ఇలా ప్రాధాన్యం మార్చి చేసినవారు, రెండింటికీ సమాన ధ్యాస పెట్టమన్నవారి కన్నా ఎక్కువ లాభం పొందారు. ఆ లాభం 12 వారాల తర్వాత కూడా నిలిచింది. ధ్యాసను మళ్లించే స్విచ్‌కే వ్యాయామం ఇస్తున్నామన్నమాట.

ఆరో వారం నుంచి ఎనిమిదో వారం దాకా ఇంటి పరిస్థితులు క్లినిక్‌లోకి తెచ్చాం: ముప్పావు నిండిన గ్లాసుతో నడక, ఎనిమిది సెం.మీ. ఎత్తు అడ్డు దాటడం, వెనకనుంచి పిలుపు, ఎడమకు మలుపు తిరుగుతుండగా ప్రశ్న. దీనికి తోడు ఇంటికి మాత్రం వేరే నియమం: పిలిస్తే ఆగాలి, పూర్తిగా తిరగాలి, తర్వాతే మాట్లాడాలి. ఆమెకు అయోమయం కలిగింది, “ఇక్కడ నడుస్తూ చెప్పమంటారు, ఇంట్లో ఆగమంటారు, ఏది చేయాలండీ?” అని అడిగారు. సబబైన ప్రశ్న. క్లినిక్‌లో చేసేది సాధన, బెల్టు ఉంది, పట్టుకునే మనిషి ఉన్నారు. ఇంట్లో చేసేది రక్షణ. ఈ తేడాను కాగితం మీద రాసివ్వకపోతే రోగి మెట్ల మీద లెక్క సాధన చేస్తారు. కూతురికీ ఒక మాట చెప్పాం: అమ్మ నడుస్తుంటే వెనకనుంచి ప్రశ్న వేయొద్దు, ముందుకొచ్చి మాట్లాడండి.

బెడిసికొట్టినవి

నాలుగో వారంలో అంకెలు ఒక్కసారిగా బాగుపడ్డాయి. నడక వేగం పెరిగింది, జవాబులు పెరిగాయి. వీడియో నెమ్మదిగా నడిపి చూస్తే గుట్టు తెలిసింది: ప్రతి రెండో అడుగుకు ఒక అంకె పడుతోంది. ఎనభై ఎనిమిది, అడుగు, అడుగు. ఎనభై అయిదు, అడుగు, అడుగు. రెండు పనులనూ ఒకే తాళంలో కట్టేసుకుని ఒక్క పనిగా మార్చేశారు. పాఠాలు వల్లెవేయించిన అలవాటు కావచ్చు. ఇందులో తప్పేం లేదు కానీ, ఇంట్లో వచ్చే ప్రశ్న తాళంలో రాదు. మందు సులువే: జవాబు ఎప్పుడు కావాలో ఆమె చేతిలో లేకుండా చేయాలి. రికార్డు చేసిన గొంతు రెండు నుంచి ఆరు సెకన్ల మధ్య క్రమం లేకుండా మాటలు చెబుతుంది. పండు పేరు వస్తే “అవును”, లేకపోతే మౌనం. అంకెలు వెంటనే పాత స్థితికి జారాయి. ఆమె నిరుత్సాహపడ్డారు. మాకైతే అసలు పని అప్పుడే మొదలైంది.

ఐదో వారంలో ఎడమ మలుపులో కాలు కాలికి తగిలి తూలారు, బెల్టు పట్టింది. ఆ రోజు అది ఎనిమిదో విడత, రాసుకున్నదాని కన్నా రెండు ఎక్కువ. ఉత్సాహంలో పెంచుకుంటూ పోవడం మా పొరపాటు. అలసినప్పుడు ముందు చెడేది మలుపే. అప్పటి నుంచి మలుపు అడుగులు లెక్కపెట్టాం. ఆ రోజు మొదటి విడత కన్నా రెండు పెరిగితే ఆపేయడమే. ఇంటి సాధనలో మరొకటి: టీవీ ముందు చేస్తున్నారు. టీవీ మాట మూడో పని.

తర్వాత కొలతలు

ఎనిమిది వారాల చివర ఉత్త నడక పరీక్ష 10.6 సెకన్లు. ఈ 0.6 సెకన్ల తేడాకు విలువ ఇవ్వడం లేదు, అది రోజువారీ హెచ్చుతగ్గుల్లో కలిసిపోతుంది. లెక్కతో కలిపి, ప్రాధాన్యం చెప్పకుండా, 11.9 సెకన్లు, సరైన జవాబులు రెండు నుంచి ఐదుకు పెరిగాయి. కూర్చుని 20 సెకన్లలో 12 చెప్పారు కాబట్టి లెక్కలో నష్టం 71 నుంచి 30 శాతానికి వచ్చింది. లెక్క ఆగకూడదన్నప్పుడు 12.8 సెకన్లు, నడకలో నష్టం 44 నుంచి 21 శాతానికి, మలుపు ఏడు నుంచి ఐదు అడుగులకు తగ్గాయి. ఫోమ్ మీద కళ్లు మూసి 19 సెకన్లు. పడిపోతానన్న భయాన్ని కొలిచే ఏడు ప్రశ్నల స్కేల్‌లో 28కి 15 ఉన్నది 11 అయింది. మోకా 26. హియరింగ్ ఎయిడ్ పెట్టుకుని, రెండోసారి రాసిన పరీక్షలో ఒక మార్కు పెరిగితే జ్ఞాపకశక్తి మెరుగైందని రాయకూడదు.

తర్వాతి మూడు నెలల్లో పడలేదు. దీన్ని శిక్షణ ఖాతాలో పూర్తిగా వేయలేం. బి12, చెవి, అద్దాలు, ఆపేసిన మాత్ర, మారిన కూతురి అలవాటు అన్నీ ఒకే కాలంలో జరిగాయి. రోగికి మేలు జరగాలంటే ఒక్కొక్కటిగా చేసి చూసే తీరిక ఉండదు.

తేలిపోయిన చోటు ఒకటుంది. సాధన చేయని పనితో, అంటే నడుస్తూ ‘క’తో మొదలయ్యే మాటలు చెప్పమన్నప్పుడు, నడకలో నష్టం మొదట 34 శాతం ఉండేది, చివర 31. దాదాపు కదల్లేదు. లెక్కలో నేర్చిన ఒడుపు మాటల్లోకి రాలేదు. అందుకే ఇంటి సాధన కాగితంలో లెక్కలు తీసేసి, వారానికి ఒక కొత్త రకం పని పెట్టాం: ఒక వారం వస్తువుల జాబితా గుర్తుంచుకోవడం, మరో వారం కథ విని ప్రశ్నకు జవాబు, ఇంకో వారం అక్షరంతో మాటలు. తేలికపాటి జ్ఞాపక లోపం ఉన్నవారిలో డ్యూయల్ టాస్క్ నష్టం ఎక్కువగా ఉండటం డిమెన్షియా వైపు వెళ్లే ముప్పుతో ముడిపడి ఉందని అధ్యయనాలు చెబుతున్నాయి కాబట్టి, ఆరు నెలలకు మోకాతో పాటు ఈ రెండు నష్టాలూ మళ్లీ కొలవాలని, పరిస్థితి దిగజారినట్టు కనిపిస్తే న్యూరాలజిస్టుకు పంపాలని డిశ్చార్జ్ నోట్‌లో రాశాం. ఎడమ పక్క నుంచి పిలిస్తే ఇప్పటికీ ముందు తలే తిరుగుతోంది. అడుగు మాత్రం ఆగుతోంది.